మొక్కజొన్న ఇన్‌బ్రెడ్ లైన్ల మధ్య జన్యు సంబంధాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలో సార్వా వరి కోసిన చేలలోనూ, లంక భూములలోనూ, డెల్టాను ఆనుకొని ఉన్న మెట్టలోనూ మొక్కజొన్న పెరిగిన కొద్దీ, ఆ పంట వెనుక ఉన్న తల్లిదండ్రుల గురించిన సందేహాలు కూడా పెరిగాయి. విత్తనోత్పత్తి చేసే రైతులు, వ్యవసాయ కళాశాలల విద్యార్థులు, విత్తన దుకాణాల వారు మాటలు మార్చి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు కనుక వాటిని ఒకచోట చేర్చాము. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే పూర్తిగా అర్థమయ్యేలా సమాధానం ఉంది కాబట్టి, మీకు కావలసిన చోటు నుంచి చదువుకోవచ్చు.

### మొదటి సందేహాలు

ఇన్‌బ్రెడ్ లైన్ అంటే ఏమిటి? మేము చేలో వేసే హైబ్రిడ్‌కూ దానికీ తేడా ఏమిటి?

మొక్కజొన్నలో మగపూత మొక్క కొసన, ఆడపూత నడుమ కణుపు దగ్గర ఉంటాయి కనుక, ఒక మొక్క పీచు మీద పడే పుప్పొడిలో ఎక్కువ భాగం పక్క మొక్కలదే అవుతుంది. దీనికి భిన్నంగా, సంచులు కట్టి, అదే మొక్క పుప్పొడిని అదే మొక్క పీచు మీద వేస్తూ అనేక తరాలు గడిపితే, ప్రతి జన్యు స్థానంలోనూ రెండు ప్రతులు ఒకే తీరుగా స్థిరపడిన వంశం మిగులుతుంది. అదే ఇన్‌బ్రెడ్ లైన్. అది పొట్టిగా, సన్నగా, చిన్న కండెతో ఉంటుంది. అటువంటి రెండు లైన్లను కలిపితే వచ్చే మొదటి తరం గింజే సింగిల్ క్రాస్ హైబ్రిడ్. ఈ పద్ధతికి పునాది అయిన పరిశీలనలను అమెరికాలో జార్జ్ షల్ 1908లో ప్రచురించారు. మన దేశంలో 1961లో విడుదలైన గంగా 1, గంగా 101, రంజిత్, దక్కన్ హైబ్రిడ్లు నాలుగేసి లైన్లు కలిసిన డబుల్ క్రాసులు. సింగిల్ క్రాసుల కాలం 1995లో పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పారస్‌తో మొదలైంది.

రెండు లైన్లు చూడటానికి ఒకేలా ఉంటే అవి దగ్గరి బంధువులేనా?

కానక్కరలేదు. గింజ పసుపా తెలుపా అన్నది ప్రధానంగా ఒక్క జన్యువు మీద ఆధారపడుతుంది. ఆ ఒక్కటి కలిసినంత మాత్రాన మిగిలిన వేల జన్యువులు కలిసినట్లు కాదు. మొక్క ఎత్తు, పూతకు వచ్చే రోజుల వంటి లక్షణాలను అనేక జన్యువులు కొద్దికొద్దిగా నిర్ణయిస్తాయి కాబట్టి, వేర్వేరు జన్యువుల కలయికతో కూడా ఒకే ఎత్తు రావచ్చు. జన్యు సంబంధం అంటే ఒకే పూర్వీకుని నుంచి వచ్చిన డీఎన్ఏ భాగాలు రెండు లైన్లలోనూ ఎంత మేరకు ఉన్నాయన్నది. చూపుకు కనిపించే పోలిక ఒక సూచన మాత్రమే. చాలాసార్లు అది తప్పుదారి పట్టించే సూచన.

ప్రపంచంలోని లైన్లన్నీ కొన్ని కుటుంబాల నుంచే వచ్చాయంటారు, నిజమేనా?

సమశీతోష్ణ ప్రాంతాల విషయంలో అది చాలా వరకు నిజం. అమెరికా మొక్కజొన్న లైన్లకు ప్రధాన మూలాలు రెండు. ఒకటి ఇల్లినాయిలో రీడ్ కుటుంబం పెంచిన రీడ్ ఎల్లో డెంట్ (గింజ నెత్తిన నొక్కు పడే రకాన్ని డెంట్ అంటారు). మొలక సరిగా రాని డెంట్ చేనులో ఖాళీలు పూరించడానికి మరొక రకం విత్తితే ఆ రెండూ తమంతట తామే కలిసిపోగా పుట్టిన ఈ రకం 1893 షికాగో ప్రదర్శనలో బహుమతి పొంది దేశమంతటా పాకింది. రెండవది పెన్సిల్వేనియాకు చెందిన లాంకాస్టర్ ష్యూర్ క్రాప్. కాండం గట్టిదనం కోసం 16 లైన్లను కలిపి అయోవాలో తయారుచేసిన స్టిఫ్ స్టాక్ సింథటిక్‌లో రీడ్ రక్తమే ఎక్కువ. అందులో నుంచి 1972లో వచ్చిన బి73, లాంకాస్టర్ వైపు నుంచి 1964లో మిస్సోరిలో విడుదలైన ఎంఓ17, ఈ రెండూ పరిశోధనలో నేటికీ ప్రామాణిక లైన్లు. 2009లో ప్రచురితమైన మొదటి మొక్కజొన్న జీనోమ్ కూడా బి73దే.

ఉష్ణమండల లైన్ల కథ ఇంత శుభ్రంగా ఉండదు. మెక్సికోలోని టుక్స్‌పెన్యో డెంట్లు, గట్టి, నున్నని గింజ గల కరీబియన్ ఫ్లింట్లు, థాయిలాండ్‌లోని సువాన్ రకాలు వంటివి ఎన్నో సార్లు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థ సిమ్మిట్ తన లైన్లను స్థూలంగా ఏ, బి అనే రెండు గుంపులుగా చూస్తుంది. మన దేశపు లైన్లలో చాలా వాటికి మూలం సిమ్మిట్ సామగ్రే కనుక, ఇక్కడి లైన్ల బంధుత్వం గురించి మాట్లాడేటప్పుడు ఆ సంగతి ముందు గుర్తుకు రావాలి.

### లైన్ తయారీ దశలో

లైన్ స్థిరపడటానికి ఎన్ని తరాలు కావాలి?

ఒక్కొక్క ఆత్మపరాగ సంపర్కానికి (సెల్ఫింగ్, అంటే అదే మొక్క పుప్పొడిని దానికే వేయడం), రెండు ప్రతులు వేరువేరుగా ఉన్న జన్యు స్థానాలు సగానికి సగం తగ్గుతాయి. హైబ్రిడ్ మొదటి తరంతో మొదలుపెడితే, ఒక తరానికి 50 శాతం, రెండు తరాలకు 75 శాతం, ఆరు తరాలకు సుమారు 98.4 శాతం స్థానాలు స్థిరపడతాయి. ఏడాదికి రెండు పంటలు తీసినా ఇది మూడేళ్లకు తగ్గని పని. ఆరవ తరం తరువాత కూడా మిగిలే ఆ ఒకటిన్నర శాతం తేడానే, ఒకే లైన్‌ను పదేళ్ల పాటు రెండు చోట్ల విడివిడిగా పెంచినప్పుడు ఆ రెండూ స్వల్పంగా వేరుపడటానికి ఒక కారణం.

డబుల్ హాప్లాయిడ్ లైన్లు అంటే? వాటి బంధుత్వం వేరుగా లెక్కించాలా?

హాప్లాయిడ్ గింజలను పుట్టించగల ప్రత్యేక లైన్ పుప్పొడిని వాడి, క్రోమోసోములలో సగం మాత్రమే గల మొలకలను పొంది, వాటికి కాల్చిసిన్ మందు ఇచ్చి క్రోమోసోములను రెట్టింపు చేస్తారు. మొక్కజొన్నలో ఉండవలసిన 20 క్రోమోసోములకు బదులు 10 ఉన్న మొక్క అలా ఒక్కసారిగా పూర్తి స్థిరత్వం పొందుతుంది. సిమ్మిట్ వారి ఇటువంటి కేంద్రం కర్ణాటకలోని కుణిగల్‌లో ఉంది. బంధుత్వపు లెక్క మారదు. ఒకే హైబ్రిడ్ నుంచి డబుల్ హాప్లాయిడ్ పద్ధతిలో వచ్చినా, ఆరు తరాల సెల్ఫింగ్‌తో వచ్చినా లైన్లు పరస్పరం తోబుట్టువులే. ఒక్క తరంలోనే స్థిరపడటం వల్ల తల్లిదండ్రుల డీఎన్ఏ ముక్కలు కాస్త పెద్దవిగా నిలుస్తాయి, అంతే.

ఒకే హైబ్రిడ్ నుంచి తీసిన రెండు లైన్లు ఎంత దగ్గరివి?

ఆ హైబ్రిడ్ తల్లిదండ్రులకు పరస్పరం సంబంధం లేదనుకుంటే, దాని నుంచి ఎంపిక లేకుండా తీసిన రెండు ఇన్‌బ్రెడ్ల మధ్య సహవంశ గుణకం (రెండింటి నుంచి ఒక్కొక్క జన్యు ప్రతి తీస్తే అవి ఒకే పూర్వీకుని నుంచి వచ్చినవై ఉండే అవకాశం) సగటున 0.5. ఆ లైన్లలో ఒకదానికి అసలు తల్లిదండ్రులలో ఒకరితో ఉండేది కూడా 0.5 మాత్రమే. హైబ్రిడ్‌ను ఒకసారి తల్లితో తిరిగి కలిపి లైన్లు తీస్తే, ఆ తల్లితో సంబంధం 0.75 అవుతుంది, అలా వచ్చిన లైన్ల మధ్య సంబంధం 0.625 అవుతుంది. ఇవన్నీ సగటులేనని మరచిపోకూడదు. ఎంపిక ఎప్పుడూ ఒక వైపుకు మొగ్గుతుంది కనుక, పొలంలో బలమైన మొక్కలను ఏరుతూ పోయిన బ్రీడర్ చేతిలో ఉన్న లైన్ కాగితం మీది సగం కంటే ఒక తల్లికే చాలా దగ్గరగా ఉండవచ్చు.

సంచిలో మిగిలిన హైబ్రిడ్ పంట గింజలు దాచి, వచ్చే ఏడు వేయవచ్చా?

వేస్తే మొలుస్తాయి, కాని దిగుబడి పడిపోతుంది. హైబ్రిడ్ చేలో పండిన గింజ రెండవ తరానిది. దానిలో వేరువేరు ప్రతులు గల స్థానాలు సగానికి తగ్గిపోయి ఉంటాయి. మొక్కలు ఎత్తులోనూ, పూత సమయంలోనూ ఎగుడు దిగుడుగా వస్తాయి.

### సంబంధాన్ని కొలిచే దశలో

వంశావళి రిజిస్టరు ఉండగా డీఎన్ఏ మార్కర్లు ఎందుకు?

రిజిస్టరు ఎవరి నుంచి ఎవరు వచ్చారన్నది చెబుతుంది; ఎంత వచ్చిందన్నది సగటుగా మాత్రమే చెబుతుంది. పైగా మొదటి మెట్టులో ఉన్న పాత రకాలకు పరస్పరం సంబంధం లేదని అది ఊహించుకుంటుంది, ఆ ఊహ చాలాసార్లు నిజం కాదు. పుప్పొడి పొరపాటు, సంచి చిరగడం, చీటీ మారిపోవడం వంటివి రిజిస్టరులో ఎక్కవు. మార్కర్లు, అంటే డీఎన్ఏలో లైన్‌కూ లైన్‌కూ తేడా చూపే గుర్తులు, జరిగినదాన్ని చూపుతాయి. అయినా రిజిస్టరును పారవేయకూడదు. మార్కర్ల ఫలితం, రిజిస్టరు పొసగని చోటే పొరపాటు ఎక్కడ జరిగిందో వెతకవలసిన చోటు.

ఎస్ఎస్ఆర్ మార్కర్లు వాడాలా, ఎస్ఎన్‌పీ చిప్ వాడాలా?

ఎస్ఎస్ఆర్ అంటే డీఎన్ఏలో ఒక చిన్న ముక్క వరుసగా ఎన్నిసార్లు వచ్చిందన్న తేడా; ఎస్ఎన్‌పీ అంటే డీఎన్ఏలో ఒక్క అక్షరపు తేడా, చిప్ అటువంటి వేల చోట్లను ఒకేసారి చదువుతుంది. కొద్దిపాటి లైన్లను వేరుచేసి గుర్తించడానికీ, విత్తన శుద్ధత పరీక్షకూ, చిన్న ప్రయోగశాలలో చేసుకోవడానికీ ఎస్ఎస్ఆర్‌లు చాలు; ఒక్కొక్క ఎస్ఎస్ఆర్ స్థానంలో అనేక రూపాలు ఉంటాయి కనుక తక్కువ మార్కర్లతోనే ఎక్కువ సమాచారం దొరుకుతుంది. వందల లైన్ల బంధుత్వం లెక్కించడానికి, వేర్వేరు ప్రయోగశాలల ఫలితాలను కలిపి చూడటానికి ఎస్ఎన్‌పీలు మేలు. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. చిప్‌లోని మార్కర్లను ఏ లైన్ల మధ్య తేడాల నుంచి ఏరారో ఆ లైన్లు చిప్ మీద అసలు కంటే దూరంగా కనిపిస్తాయి. ప్రసిద్ధమైన 50 వేల మార్కర్ల చిప్‌లో ఒక పెద్ద భాగాన్ని బి73, ఎంఓ17 మధ్య తేడాల నుంచే ఏరారు. ఉష్ణమండల లైన్లకు దానిని వాడేటప్పుడు ఆ భాగాన్ని పక్కన పెట్టి లెక్కించడం మంచిది.

రెండు లైన్ల మార్కర్లు ఎంత వేరో చెప్పే జన్యు దూరం 0.6 వచ్చింది. ఇది ఎక్కువా, తక్కువా?

సంఖ్యను ఒంటరిగా చూసి చెప్పలేము. రెండే రూపాలుండే ఎస్ఎన్‌పీలలో సంబంధం లేని లైన్లు కూడా యాదృచ్ఛికంగా చాలా చోట్ల కలుస్తాయి కనుక దూరాలు చిన్నవిగా వస్తాయి. అనేక రూపాలుండే ఎస్ఎస్ఆర్‌లలో అవే లైన్ల దూరం పెద్దదిగా వస్తుంది. అందువల్ల, తోబుట్టువులని ముందే తెలిసిన జతనూ, సంబంధం లేదని తెలిసిన జతనూ అదే పరీక్షలో చేర్చి, మీ జత ఆ రెండింటి మధ్య ఎక్కడ పడిందో చూడాలి. ఇటువంటి ఆనవాళ్లు లేకుండా దశాంశాలు మాత్రమే ప్రకటించే ప్రాజెక్టు నివేదికలు చదివేవారికి పెద్దగా ఉపయోగపడవు.

లైన్ల బంధుత్వాన్ని చెట్టులా గీసిన డెండ్రోగ్రామ్‌లో నా లైన్ ఫలానా లైన్ పక్కనే ఉంది. అంటే అవి దగ్గరివేనా?

విద్యార్థులు అన్నిటికంటే ఎక్కువగా తడబడేది ఇక్కడే. చిత్రంలో పక్కపక్కన ఉండటానికి అర్థం లేదు. ఏ కొమ్మనైనా దాని కణుపు దగ్గర తిప్పి గీయవచ్చు, అప్పుడు పక్కనున్న పేరు మారిపోతుంది, సంబంధం మారదు. చూడవలసింది రెండు పేర్ల నుంచి బయలుదేరిన గీతలు ఎంత దూరాన కలిశాయన్నది. ఒక గుంపు కొసన ఉన్న లైన్, తన పక్కన గీసిన మరో గుంపు మొదటి లైన్‌తో చిట్టచివరి కణుపు దగ్గర మాత్రమే కలిసి ఉండవచ్చు.

రెండవ సంగతి ఇంకా ముఖ్యమైనది. దూరాల నుంచి ఆ చెట్టును గీసే యూపీజీఎంఏ వంటి పద్ధతి మీరు ఏ సంఖ్యలు ఇచ్చినా చెట్టునే గీస్తుంది, చెట్టు కానిదాన్ని కూడా. కాని బ్రీడర్ల చేతిలో లైన్ల చరిత్ర కొమ్మలుగా విడిపోతూ సాగదు. విడిపోయిన కొమ్మలు మళ్లీ కలుస్తూ వల అల్లుకుంటాయి. సిమ్మిట్ వారి ‘ఏ’ గుంపు, ‘బి’ గుంపు కలయికలో పుట్టిన లైన్‌కు చెట్టులో ఒక్క చోటే దొరుకుతుంది. ఆ చోటు సగం అబద్ధమే. అందుకే చెట్టుతో పాటు లైన్లను వాటి తేడాలను బట్టి చుక్కలుగా పరచి చూపే ప్రధాన అంశాల విశ్లేషణ చిత్రాన్నీ, ప్రతి లైన్‌లో ఏ మూలం ఎంత శాతమో చెప్పే జనాభా నిర్మాణ విశ్లేషణనూ చూడాలి. మూల దూరాలకూ, చెట్టులోని దూరాలకూ మధ్య సహసంబంధం ఎంతో నివేదికలో ఇవ్వమని అడగాలి. అది తక్కువగా ఉంటే చిత్రం ఎంత అందంగా ఉన్నా దాన్ని నమ్మవలసిన పనిలేదు.

రెండు వేర్వేరు పేర్లున్న లైన్లు పరీక్షలో ఒకటేనని వచ్చాయి. ఇది సాధ్యమా?

సాధ్యమే, అరుదు కూడా కాదు. ఒక సంస్థ నుంచి వచ్చిన లైన్‌కు తీసుకున్న సంస్థ తన సంఖ్య వేసుకోవడం మామూలు. దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. ఒకే పేరుతో రెండు చోట్ల నుంచి తెచ్చిన విత్తనం వేరుగా తేలవచ్చు. రెండు సందర్భాల్లోనూ ఒక్క గింజతో తీర్పు ఇవ్వకుండా, ఒక్కొక్క చోటి నుంచి అనేక మొక్కల డీఎన్ఏను పరీక్షించాలి.

### జత కుదిర్చే దశలో

దూరం ఎంత ఎక్కువైతే హైబ్రిడ్ అంత బాగా వస్తుందా?

పరీక్షలో తోబుట్టువుల జతలూ, పరాయి జతలూ కలిసి ఉంటే, దూరానికీ దిగుబడికీ మధ్య మంచి పొంతన కనిపిస్తుంది. దగ్గరి జతల హైబ్రిడ్లు పేలవంగా ఉంటాయి కనుక గ్రాఫ్ గీత పైకి లేస్తుంది. ఆ దగ్గరి జతలను తీసివేసి, వేర్వేరు గుంపుల మధ్య జతలను మాత్రమే చూస్తే ఆ పొంతన చాలా బలహీనపడుతుంది. కారణం సులభమే. మార్కర్లు జీనోమ్ అంతటా చల్లిన గుర్తులు. సంకర తేజానికి, అంటే తల్లిదండ్రులను మించి హైబ్రిడ్ చూపే బలానికి, పనికివచ్చేవి దిగుబడిని మార్చే కొన్ని చోట్ల తేడాలు మాత్రమే, అక్కడ కూడా ఒక లైన్ లోపాన్ని రెండవది కప్పాలి.

దూరం మరీ ఎక్కువైతే నష్టం కూడా ఉంది. మాల్, ఆయన సహచరులు 1965లో ప్రచురించిన పరిశోధనలో, ఒక హద్దు వరకు వైవిధ్యంతో పెరిగిన సంకర తేజం, అత్యంత దూరపు రకాల కలయికలలో తగ్గింది. కనుక మా అభిప్రాయంలో ఈ కొలతకు సరైన ఉపయోగం ఒక్కటే. ఏ జతలు వేయనవసరం లేదో అది చెబుతుంది. ఏ జత గెలుస్తుందో పొలమే చెప్పాలి.

హెటెరోటిక్ గ్రూపు అంటే ఏమిటి?

ఒకే గుంపులోని లైన్లను తమలో తాము కలిపితే సంకర తేజం తక్కువగానూ, ఎదుటి గుంపు లైన్లతో కలిపితే ఎక్కువగానూ వచ్చే విభజనే హెటెరోటిక్ గ్రూపు. ఒకే ఇంటిపేరు వారిలో సంబంధం చూడనట్లే బ్రీడర్ కూడా ఒకే గుంపులో హైబ్రిడ్ వెతకడు. ఈ విభజన ప్రకృతి చేసినది కాదు. రెండు వైపులనూ విడిగా ఉంచి, ఒకదానికొకటి పొసిగే లైన్లనే దశాబ్దాల పాటు ఎంచుతూ పోవడం వల్ల స్థిరపడినది. కనుక మార్కర్లు రెండు గుంపులు చూపించినంత మాత్రాన అవి హెటెరోటిక్ గ్రూపులు అయిపోవు, టెస్టర్లతో (గుంపు ముందే తెలిసిన పరీక్ష లైన్లతో) కలిపి పొలంలో చూడాలి.

జీసీఏ, ఎస్‌సీఏ అంటే ఏమిటి?

ఒక లైన్ ఎవరితో కలిసినా సగటున ఎంత బాగా రాణిస్తుందో అది సాధారణ సంయోజన శక్తి, అంటే జీసీఏ. ఒక ప్రత్యేక జత ఆ సగటును బట్టి ఊహించినదాని కంటే ఎంత పైకి లేదా కిందికి పోయిందో అది ప్రత్యేక సంయోజన శక్తి, అంటే ఎస్‌సీఏ. స్ప్రాగ్, టాటమ్ 1942లో ఈ విభజన చేశారు. జన్యు దూరం ఎస్‌సీఏ వైపు కొంత సూచన ఇస్తుంది, జీసీఏ గురించి దాదాపు ఏమీ చెప్పదు.

మా దగ్గర వంద లైన్లు ఉన్నాయి. అన్నిటినీ కలిపి చూడాలా?

వంద లైన్ల మధ్య వచ్చే జతలు 4,950. ఇన్ని సంచులు కట్టించడం, ఇన్ని మడులు వేయించడం ఎవరి తరమూ కాదు. ఎదుటి రెండు గుంపుల నుంచి ఒక్కొక్క టెస్టర్ తీసుకుంటే 200 జతలతో సరిపోతుంది. మార్కర్ల సహాయంతో తోబుట్టువులను గుర్తించి ఒక్కొక్క కుటుంబం నుంచి ఒకరిద్దరినే ఉంచితే ఇంకా తగ్గుతుంది.

దగ్గరి లైన్లను కలపడం వల్ల ఏ ప్రయోజనమూ లేదా?

ఉంది, రెండు విధాలుగా. ఒకే గుంపులోని రెండు మంచి లైన్లను కలిపి దాని నుంచి కొత్త లైన్లు తీస్తే, గుంపు స్వభావం చెడకుండా లైన్ మెరుగుపడుతుంది. రెండవది విత్తన రైతుకు నేరుగా తగిలేది. తోబుట్టువుల వంటి రెండు లైన్ల సంకరాన్ని ఆడ వరుసగా వాడితే మొక్క కాస్త బలంగా ఉండి విత్తన దిగుబడి పెరుగుతుంది, తుది హైబ్రిడ్‌లో ఏకరూపత పెద్దగా చెడదు.

### విత్తన పొలంలో

ఆడ, మగ లైన్లను ఒకే రోజు విత్తితే పూతలు కలవడం లేదు, ఎందుకు?

దూరపు వంశాల లైన్లు పూతకు వచ్చే రోజుల్లోనూ దూరంగా ఉండవచ్చు. పైగా సార్వా కోత ఆలస్యమై, చలి రోజుల్లో విత్తనం పడితే రెండు లైన్లూ ఒకే తీరుగా ఆలస్యం కావు. ఆలస్యంగా పూసే లైన్‌ను ముందుగా విత్తడం, మగ లైన్‌ను రెండు దఫాలుగా విత్తడం పరిష్కారాలు. ఎన్ని రోజుల తేడా అన్నది విత్తనం ఇచ్చిన సంస్థ ఆ సీజన్‌కు రాసి ఇవ్వాలి. ఎండాకాలపు పొలంలో కుదిరిన తేడా చలికాలపు పొలంలో కుదరదు.

చుట్టూ అందరిదీ మొక్కజొన్నే. పరాయి పుప్పొడి పడిందో లేదో ఎలా తెలుస్తుంది?

ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం హైబ్రిడ్ విత్తన పొలానికి ఇతర మొక్కజొన్న నుంచి 200 మీటర్లు, ఇన్‌బ్రెడ్ లైన్ల పెంపకానికి 400 మీటర్లు దూరం ఉండాలి. చిన్న కమతాలు ఒకదాని కొకటి ఆనుకొని ఉండే డెల్టాలో గట్టుకు ఆవల ఎవరు ఏమి వేస్తారన్నది ముందే మాట్లాడుకోకపోతే ఈ దూరం కాగితానికే పరిమితమవుతుంది. అనుమానం వచ్చినప్పుడు తల్లిదండ్రులు వేరుపడే మార్కర్‌తో గింజలను పరీక్షిస్తారు. సరైన హైబ్రిడ్ గింజలో తల్లి రూపం, తండ్రి రూపం రెండూ కనిపిస్తాయి. మగపూత తీయడం ఆలస్యమై ఆడ లైన్ తనకు తానే కలిస్తే తల్లి రూపం ఒక్కటే కనిపిస్తుంది. ఆ రెండింటికీ చెందని రూపం కనిపిస్తే పుప్పొడి గట్టు దాటి వచ్చినట్లు. తల్లిదండ్రులు మరీ దగ్గరి బంధువులైతే వారిని వేరుచేసే మార్కరే దొరకడం కష్టం.

మగపూత పీకడానికి కూలీలు దొరకడం లేదు. పుప్పొడి రాని ఆడ లైన్లు వాడకూడదా?

వాడవచ్చు, వాడుతున్నారు కూడా. కాని 1970 నాటి అనుభవం తెలిసి వాడాలి. అప్పట్లో అమెరికాలో సుమారు 85 శాతం హైబ్రిడ్లు పుప్పొడి రాకుండా చేసే టెక్సాస్ రకం వంధ్య కణద్రవ్యంతో (కణద్రవ్యం అంటే కేంద్రకం చుట్టూ ఉండి, తల్లి వైపు నుంచే వచ్చే పదార్థం) తయారయ్యాయి. బైపోలారిస్ మేడిస్ అనే ఆకు ఎండు తెగులు శిలీంధ్రంలో కొత్తగా ప్రబలిన టి తెగకు ఆ కణద్రవ్యపు మైటోకాండ్రియా తేలికగా లొంగడంతో, ఆ ఏడాది ఆ దేశపు పంటలో సుమారు 15 శాతం పోయింది. ఆ హైబ్రిడ్ల కేంద్రక జన్యువులు వేర్వేరుగా ఉన్నా ఉపయోగం లేకపోయింది. మనం మార్కర్లతో కొలిచే దూరాలు దాదాపు అన్నీ కేంద్రకానివే కనుక, తల్లి వైపు కణద్రవ్యం ఎక్కడిదన్నది విడిగా నమోదు చేసుకోవాలి.

### విత్తనం కొనేటప్పుడు, దాచేటప్పుడు

రెండు వేర్వేరు హైబ్రిడ్లు చెరి సగం వేస్తే తెగులు భయం తగ్గుతుందా?

వాటి తల్లిదండ్రులు వేరైతే తగ్గుతుంది. పేర్లు వేరైనంత మాత్రాన తల్లిదండ్రులు వేరు కావు. హైదరాబాదు నుంచి వచ్చిన డీహెచ్ఎం 117 తల్లిదండ్రులు బీఎంఎల్ 6, బీఎంఎల్ 7. డీహెచ్ఎం 121 తల్లిదండ్రులు బీఎంఎల్ 45, బీఎంఎల్ 6. అంటే ఈ రెండూ సగం తోబుట్టువులు. హర్యానా వారి నాణ్యమైన మాంసకృత్తుల హైబ్రిడ్లు హెచ్‌క్యూపీఎం 1, 5, 7 మూడూ మూడే మూడు లైన్లను మార్చి మార్చి జత చేసినవి. ప్రభుత్వ హైబ్రిడ్ల తల్లిదండ్రుల పేర్లు బహిరంగమే కనుక అడిగి తెలుసుకోవచ్చు. ప్రైవేటు హైబ్రిడ్ల విషయంలో అవి వ్యాపార రహస్యాలు. అప్పుడు కనీసం పంటకాలం, గింజ రకం, కండె తీరు బాగా వేరుగా ఉన్నవాటిని ఎంచుకోవడం తప్ప గత్యంతరం లేదు.

విత్తన పొలంలో మిగిలిన ఆడ లేదా మగ లైన్ గింజలు ఉంచుకోవచ్చా?

ఒప్పంద సాగులో ఇచ్చిన తల్లిదండ్రుల విత్తనం సంస్థది. మిగిలినది తిరిగి ఇవ్వాలని ఒప్పందాలలో సాధారణంగా రాస్తారు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం, నమోదైన రకం విత్తనాన్ని దాచుకొని, మళ్లీ విత్తుకొని, ఇచ్చిపుచ్చుకొనే హక్కును రైతుకు ఇస్తుంది, బ్రాండు పేరుతో అమ్మే హక్కును మాత్రం ఇవ్వదు. నమోదైన రకాన్ని పరిశోధనకు వాడుకోవచ్చు, కాని దానినే పదే పదే తల్లిగానో తండ్రిగానో వాడి వ్యాపార హైబ్రిడ్ చేయాలంటే హక్కుదారు అనుమతి కావాలి.

మా ఇంట్లో పాత నాటు మొక్కజొన్న గింజలున్నాయి. ఎవరికైనా పనికివస్తాయా?

తప్పకుండా పనికివస్తాయి. కొత్త లైన్లు దగ్గరి బంధువులలోనే తిరుగుతున్నప్పుడు బయటి రక్తం దొరికేది ఇటువంటి గింజలలోనే. జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో ఉంది. నాటు రకంలో మొక్కకూ మొక్కకూ తేడా ఉంటుంది కనుక ఒక్క కండె పంపితే ఆ రకం మొత్తం పంపినట్లు కాదు. అనేక మొక్కల నుంచి ఒక్కొక్క కండె తీసి, గింజలు కలిపి, పురుగు పట్టకుండా ఆరబెట్టి పంపాలి. ఊరి పేరు, మీరు పిలిచే పేరు, ఏ నేలలో ఏ కాలంలో వేస్తారు, ఎన్ని తరాలుగా ఇంట్లో ఉంది, చివరిసారి చుట్టుపక్కల హైబ్రిడ్ ఎంత దూరంలో ఉంది అన్న వివరాలను చీటీ మీద రాసి సంచిలోనే ఉంచాలి.